శివారుకి చేరని గాలి

నేను పాఠాలు చెప్పే ఫార్మసీ కాలేజీ అమలాపురం దాటాక కొబ్బరి తోటల మధ్య ఉంటుంది. క్లాసు గదులన్నీ రోడ్డు వైపు. ఎలుకల గది మాత్రం వెనక వైపు, విడిగా. కాగితాల మీద దానికి యానిమల్ హౌస్ అని పేరు. నోటిమాటగా అందరూ ఎలకల గది అనే అనేవారు. మా స్టాఫ్‌లో ఎవరూ అటు వచ్చేవారు కారు. వాసన అని ఒకరు, భయమని ఒకరు. నేను చేరిన ఏడాదే దాని బాధ్యత నాకు అప్పగించారు. కొత్తగా వచ్చినదాన్ని, పెళ్ళి కానిదాన్ని, సాయంత్రం త్వరగా ఇంటికి చేరాల్సిన అవసరం లేనిదాన్ని. ఎవరూ పైకి అనలేదు గాని, అందుకే అయ్యుంటుంది.

ఊళ్ళో ఒక మేడమీద వాటా అద్దెకు తీసుకున్నాను. మొదటి వారమే ఇంటావిడ నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"ఏవండీ, మీరు ఎలకల్ని ముట్టుకుంటారటగదా. పిల్లలు తిరిగే ఇల్లండి ఇది."

"అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వస్తానండీ," అన్నాను.

"ఆయ్, అలాగేనండి," అంది.

ఆవిడ మాటలో మర్యాద ఏమాత్రం తగ్గలేదు. కాని ఆ తర్వాత రెండేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను గుమ్మం లోపలికి పిలవలేదు. ఆదివారం ప్రార్థనకు వెళ్తే నా పక్కన చాప ఖాళీగా కనిపించేది. అది నా భ్రమ కూడా కావచ్చు. అక్కడ చోటుకి కొదవ లేదు, ఎవరి అలవాటు చోటు వారిది. అయినా కూర్చునే ముందు ఒకసారి నా చేతులు వాసన చూసుకునేదాన్ని.

ఆ గదిలో నాకంటే ముందు నుంచీ ఉన్న మనిషి ఒకాయన. అటెండరు. అరవైకి దగ్గరపడ్డ వయసు, సన్నటి మనిషి, ఎప్పుడూ మోచేతులదాకా మడిచిన చొక్కా. రాజోలు అవతల ఒక లంకలో ఆయన ఊరు. పొద్దున్నే రేవు దాటి, రెండు బస్సులు మారి వచ్చేవారు. ఎలుకలకి మేత, నీళ్ళు, పంజరాల్లో వరి ఊక మార్చడం ఆయన పని. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను మేడంగారూ అనేవారు.

మొదటి రోజుల్లో నేను పంజరం మూత తీస్తే ఎలుకలన్నీ మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. ఆయన చూసి నవ్వారు.

"వీటికి మీ గొంతు అలవాటవ్వాలండి. రోజూ ఏదోటి మాట్లాడతా ఉండండి."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదైనా పర్లేదండి. పాఠం చెప్పుకోండి పోనీ."

నిజంగానే పాఠం చెప్పాను. మర్నాడు క్లాసులో చెప్పాల్సింది ముందురోజు వాటికి చెప్పేదాన్ని. నెల తిరిగేసరికి నా చేయి చూసి దగ్గరికి రావడం మొదలెట్టాయి. చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది గాని, ఆ ఏడాది నా మాట కోసం దగ్గరికి వచ్చిన ప్రాణులు అవే.

నా పరిశోధన కొబ్బరి పొట్టు దుమ్ము మీద. మా వైపు కొబ్బరి డొక్కల్ని కొట్టి పీచు తీసే మిల్లులు చాలా ఉన్నాయి. పీచు విడిపోయేటప్పుడు గోధుమరంగు దుమ్ము లేస్తుంది. అక్కడ పనిచేసేవాళ్ళ జుట్టులో, కనురెప్పల మీద, చీర మడతల్లో ఎప్పుడూ అది ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి పోయి ఏం చేస్తుందన్నది నా ప్రశ్న. మనుషుల్లో అది తేలాలంటే ఏళ్ళు పడుతుంది. ఎలుక ఆయుష్షు చిన్నది కాబట్టి నెలల్లో తేలుతుంది. రోజూ కాసేపు గాజు పెట్టెలో వాటిచేత ఆ దుమ్ము గాలి పీల్పించేదాన్ని. తర్వాత ఒక్కొక్కదాన్నీ ఇంకో చిన్న పెట్టెలో పెడితే, అది ఊపిరి తీసినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడి మారి కంప్యూటర్ తెర మీద గీత పైకీ కిందికీ కదిలేది. వారాలు గడిచేకొద్దీ ఆ గీత మారేది. లోపలికి పోయిన గాలి బయటికి రావడానికి ఎక్కువ సేపు పట్టేది. నాకు కావలసింది అదే.

ఒక విషయం మాత్రం నన్ను ఇబ్బంది పెట్టేది. ఎలుక మనిషిలా దగ్గదు. దాని ఊపిరితిత్తులు ఎంత పాడైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. దగ్గు వినిపించేది గోడ అవతల నుంచి. పంజరాలు కడుగుతూ బాబాయిగారు దగ్గేవారు.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయిగారూ ఈ దగ్గు?" అని అడిగాను ఒకరోజు.

"ఇక్కడికి రాకముందు పీచు మిల్లులో చేసేనండి. నా పెళ్ళయిన దగ్గర్నుంచి మా అమ్మాయి పెద్దదయ్యేదాకా. మెషీన్లో డొక్కలు ఎయ్యడం నా పని. ఇది అప్పట్నుంచీ ఉన్నదేనండి."

 నా ప్రయోగానికి కావలసిన దుమ్ము సంచిలో కట్టి తెచ్చి ఇచ్చేది ఆయనే. పాత మిల్లులో తెలిసినవాళ్ళున్నారు, నేను తెస్తానండి అన్నారు. వాళ్ళు ఆయనకెలా తెలుసని నేను అడగనే లేదు.

"డాక్టరుకి చూపించారా?"

"చూపించేనండి. సిరప్పు రాసేరు."

ప్రయోగం ముగిసిన రోజు ఎలుకలకి మత్తిచ్చి, ఊపిరి ఆగాక ఊపిరితిత్తులు బయటికి తీయాలి. అనుమతి కమిటీకి రాసిచ్చిన పద్ధతిలో, నొప్పి లేకుండా. ఎన్నిసార్లు చేసినా ఆ ముందురోజు నాకు అన్నం సహించేది కాదు. బాబాయిగారు ఆ రోజుకి ముందే సెలవు పెట్టేసేవారు.  ఒక్కదాన్నే తలుపు వేసుకుని చేసేదాన్ని. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగైపోయేది. ఆ ఏడు గంటల్లో గదిలో చప్పుడు తగ్గుతూ పోయేది. చివరికి ఊకలో కదలిక కూడా ఉండేది కాదు.

మూడో విడతకి మాత్రం ఆయన సెలవు పెట్టలేదు. తెల్లారి నేను వచ్చేసరికి గది తుడిచి, బల్ల మీద గుడ్డ పరిచి, నిలబడి ఉన్నారు.

"మీకు ఇబ్బందైతే వెళ్ళిపోండి బాబాయిగారూ," అన్నాను.

"పెంచింది నేనండి. ఆఖర్న కొత్త చేతులెందుకు?"

ఒక్కొక్కదాన్నీ ఆయనే తీసి, వీపు మీద బొటనవేలితో రెండుసార్లు రాసి, మత్తు పెట్టెలో వదిలారు. నేను గడియారం చూసి సమయం రాసుకున్నాను. మధ్యాహ్నం ఇద్దరం క్యారేజీలు విప్పలేదు. పని అయ్యాక ఆయన పంజరాలన్నీ రెండుసార్లు కడిగారు. ఒకసారి చాలని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆ ఫలితాలు పట్టుకుని హైదరాబాదులో ఒక సదస్సుకి వెళ్ళాను. నా వంతు పది నిమిషాలు. చివర్లో ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన లేచి చాలా నెమ్మదిగా అడిగారు.

"మీ పని శ్రద్ధగా ఉందమ్మా. కాని ఎలుక ముక్కుతోనే పీలుస్తుంది. మిల్లులో బరువు ఎత్తే మనిషి నోటితో పీలుస్తాడు. ఎలుకలో గాలిగొట్టం చీలే తీరే వేరు. ఈ దుమ్ము మనిషిలో ఎక్కడ ఆగుతుందో మీరు చెప్పగలరా?"

"చెప్పలేనండీ," అన్నాను.

ఆయన తల ఊపి కూర్చున్నారు. అందులో ఎగతాళి లేదు. ఉంటే కోపమన్నా తెచ్చుకునేదాన్ని. రాజమండ్రిలో రైలు దిగి, బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక, మూడు విడతల ఎలుకలూ వరసగా గుర్తొచ్చాయి. అన్నిటినీ చంపి నేను తెలుసుకున్నది సగమే. ఇంటికి వెళ్ళి ఎవరితోనన్నా చెప్పుకుందామంటే ఫోనులో ఎవరి నంబరు నొక్కాలో తోచలేదు. మర్నాడు బాబాయిగారితోనే చెప్పాను.

ఆయన ఊక జల్లెడ పడుతూ విన్నారు.

"అయితే మనిషినే చూడాలంటారన్నమాట."

"మనిషి మీద ఇలా చెయ్యకూడదు కదండీ. ఇంకో దారి ఉంది. ఒక మనిషి ఛాతీ స్కానింగ్ తీసుకుని, దాన్నిబట్టి అతని గాలిగొట్టాలన్నీ కంప్యూటర్లో కట్టి, అందులో గాలి నడిపించి, దుమ్ము వదిలి చూస్తారు. లెక్కలే అన్నీ. నాకు ఆ విద్య రాదు. నేర్చుకోవాలి."

"నేర్చుకోండి. మీకేవండీ," అన్నారు.

ఇంటర్నెట్‌లో పాఠాలు వింటూ ఒక్కదాన్నే నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ ఉచిత పాఠాలు చెప్పే గొంతులే ఆ నెలల్లో నాకు తోడు. ఎక్కడో దూరదేశంలో ఎవరో, ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన గొంతులు. అర్థం కాకపోతే ఆపి మళ్ళీ వినేదాన్ని. తప్పు చేస్తే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి తప్ప, ఇలా కాదమ్మా అనేవాళ్ళు లేరు.

ఈలోగా బాబాయిగారికి ఆయాసం ఎక్కువైంది. నీళ్ళ బకెట్ తెస్తూ గుమ్మంలో ఆగిపోయేవారు. నేను గట్టిగా చెప్పాక కాకినాడ వెళ్ళారు. రెండు రోజులకి వచ్చి పెద్ద కవరొకటి నా బల్ల మీద పెట్టారు. అందులో స్కానింగ్ ఫిల్ములు, ఒక సీడీ.

"డాక్టరుగారు చూసేరండి. ఊపిరితిత్తులు బిరుసెక్కిపోయాయన్నారు. మందులిచ్చేరు. తగ్గించేవి కాదంట, పెరక్కుండా చూసేవంట." కవరు నా వైపు జరిపారు. "ఇది మీకు పనికొస్తదేమో చూడండి."

"వద్దు బాబాయిగారూ."

"ఎందుకండీ? నాదైతే ఎలాగూ పాడైపోయింది. ఎలకల్ని తెప్పించే పని తప్పుద్ది కదా."

నేను వెంటనే ఒప్పుకోలేదు. పైన కమిటీకి రాసి, అనుమతి వచ్చాక, అంగీకార పత్రం మొత్తం ఆయనకి చదివి వినిపించాను. మధ్యలో మానుకోవాలనుకుంటే మానుకోవచ్చని ఉన్న చోట రెండోసారి చదివాను. ఆయన ఓపిగ్గా విని, కలం తీసుకుని, పెద్దపెద్ద అక్షరాలతో సంతకం చేశారు.

గాలిగొట్టాలు కట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. స్కానింగ్ ఛాతీని అడ్డంగా పలచటి పొరలుగా చూపిస్తుంది. ఒక్కో పొరలో గాలి ఉన్న నల్లటి చుక్కల్ని గుర్తుపట్టి, పైపొరతో కలుపుకుంటూ కిందికి దిగాలి. కొంత పని కంప్యూటర్ చేస్తుంది. సన్నటి గొట్టాల దగ్గర అది పొరబడుతుంది, కంటితో చూసి దిద్దాలి. రోజుకి ఆరేడు గంటలు ఒక మనిషి ఛాతీ లోపల తిరిగేదాన్ని. ఆ మనిషి పక్క గదిలో పంజరాలు సర్దుతూ ఉండేవారు. ఎలుకలు అప్పటికి కొన్నే మిగిలాయి, పిల్లల ప్రాక్టికల్స్ కోసం.

పూర్తయ్యాక ఆయన్ని పిలిచి చూపించాను. తెర మీద బొమ్మని మెల్లగా తిప్పాను. ఆయన చేతులు తుడుచుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఇవన్నీ నావేనండీ?"

"మీవే."

చాలాసేపు చూశారు. తర్వాత వేలు తెరకి తగలకుండా గాలిలోనే గీశారు.

"ఇది పెద్దకాలవ. ఇక్కడ చీలింది. ఇవి చిన్న కాలవలు. ఇవి చేలల్లోకి పోయే బోదెలు. మా నాన్న లాకుల దగ్గర లస్కరు చేసేవోడండి. చిన్నప్పుడు ఆయనతోపాటు గట్టు మీదే తిరిగేవోణ్ణి."

నీళ్ళు వదిలే తలుపులు ఎత్తి దించే పని వాళ్ళ నాన్నదని, బాబాయిగారు తనకీ అదే ఉద్యోగం వస్తుందనుకుని, రాక, మిల్లులో చేరారని అప్పుడు తెలిసింది. అన్నేళ్ళలో ఆయన తన గురించి అంత మాట్లాడటం అదే మొదటిసారి.

దుమ్ము రేణువులు వదిలితే ఏం జరుగుతుందో చూపించాను. ఒక ఊపిరి లెక్కకట్టడానికి మా కంప్యూటర్‌కి నాలుగు రోజులు పట్టేది. ఆ ముందు వారం లెక్క తేలినదాన్నే నడిపించాను. చుక్కలు గాలితో పాటు దిగుతూ, గొట్టం రెండుగా చీలే చోట గోడకి కొట్టుకుని ఆగిపోతున్నాయి.

"అంతేనండి," అన్నారు. "చీలిక దగ్గర మేట ఏస్తది. మలుపులోనూ అంతే."

ఇంకాసేపు చూసి, కుడివైపు అడుగు భాగం చూపించారు.

"ఇక్కడికి కూడా గాలి బాగానే ఎల్తన్నట్టు చూపిస్తందేంటండీ?"

"లెక్కప్రకారం వెళ్తోంది."

"ఎల్లదండి. ఆ పక్క నాకు గాలి ఆడదు. చెయ్యేసి చూసుకుంటే ఎడం పక్క లేస్తది, కుడి పక్క లేవదు. అన్ని బోదెలకీ ఒకేలా వదిలేసేరేమో చూసుకోండి. పైనోళ్ళు తోడేసుకుంటే శివారు చేలకి నీళ్ళు చేరవు కదండి."

ఆయన పంజరాల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆయన అన్నది నిజం. చివరి గొట్టాలన్నిటికీ ఒకే ఒత్తిడి ఇచ్చాను. పాఠాల్లో అలాగే చెప్పారు, సులువు కూడా. కాని ఆ సీడీలో స్కానింగులు రెండున్నాయి. గాలి నిండా పీల్చి తీసింది ఒకటి, పూర్తిగా వదిలి తీసింది ఒకటి. నేను రెండోదాన్ని తెరవనే లేదు. ఆ సాయంత్రమే రెండూ పక్కపక్కన పెట్టి కొలిచాను. మిగతా భాగాలన్నీ పీల్చినప్పుడు పెరిగి, వదిలినప్పుడు తగ్గాయి. కుడివైపు అడుగు భాగం దాదాపు కదలనే లేదు.

ఆ కొలతలతో లెక్క మొదటినుంచీ కట్టాను. ఈసారి గాలి ఆయన చెప్పినట్టే పోయింది. శివారుకి చేరలేదు. అక్కడికి పోవలసిన గాలి, దానితో దుమ్ము, మిగతా దారుల్లో ఎక్కువెక్కువగా పడింది. బాగున్న భాగాలు ఎందుకు పాడవుతాయో తెర మీద కనిపించింది. ఎలుకలు నాకు ఎన్నడూ చెప్పలేని సంగతి అది. ఎగిరి గంతెయ్యాలనిపించింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆయనకి చెప్పాను.

"మీరన్నదే కరెక్టు బాబాయిగారూ! అడుక్కి పోవడం లేదు."

ఆయన ముఖం కూడా వెలిగింది. తర్వాత అడిగారు.

"అయితే దానికేవన్నా మందు చెప్తదా అండీ అది?"



"చెప్పదండీ. ఎక్కడ ఏం జరిగిందో చెప్తుంది. అంతవరకే."

"ఆయ్," అన్నారు. "అదీ తెలియాలిగా."

చీపురు తీసుకుని లోపలికి వెళ్ళారు. నన్ను తప్పుపట్టినట్టు ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు ఇంటికి పోయి అన్నం వండుకోలేదు. మర్నాడు ఆయన ఎప్పటిలాగే మాట్లాడారు.

వర్షాలు మొదలయ్యాక ఆయన పని మానేశారు. రేవు గట్టు ఎక్కలేకపోతున్నానని ఆఫీసులో చెప్పి వెళ్ళారు. మిగిలిన ఎలుకల్ని వేరే కాలేజీకి ఇచ్చేశాను. వాటిని చూసే మనిషిని మళ్ళీ వెయ్యలేదు, నేనూ అడగలేదు. ఖాళీ గదిలో ఊక వాసన కొన్నాళ్ళు ఉండి, అదీ పోయింది. కంప్యూటర్ ఫ్యాను చప్పుడొక్కటే. పాఠం చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. రెండు మూడుసార్లు పక్క గదిలో దగ్గు వినిపించినట్టై తల తిప్పాను.

ఒక శనివారం పడవ దాటి ఆయన ఊరు వెళ్ళాను. అరుగు మీద నులక మంచంలో, ముందుకి వంగి మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చుని ఉన్నారు. అలా అయితే గాలి ఆడుతుందట. నన్ను చూసి లేవబోయారు. వద్దని పక్కన పీట వేసుకున్నాను. ఆయన కూతురు అప్పుడే మిల్లు నుంచి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు విప్పుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తువ్వాలు మీద ఆ గోధుమరంగు.

"ఎలకలు ఎన్నున్నాయండీ?" అన్నారు బాబాయిగారు. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు.

"లేవండీ. ఇచ్చేశాను. కొత్తవి తెప్పించలేదు."

"మంచి పని చేసేరు. గది కడిగించేరా?"

"నేనే కడిగాను."

"రెండుసార్లు కడగాలండి," అని నవ్వబోతే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నా అరచేతి కింద ఎడమ పక్క లేస్తోంది, కుడి పక్క లేవడం లేదు. లెక్కల్లో అది అంతకుముందే చూశాను. చేతికి తగలడం వేరు.

దగ్గు తగ్గాక ఆయన అడిగారు. "అయితే అక్కడ ఒక్కరే కూచుంటన్నారా అండీ?"

"అవునండీ."

"రేడియో ఒకటి పెట్టుకోండి. మరీ ఒక్కరే ఉండకూడదు."

మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను. పరీక్షల పేపర్లు దిద్దడం, పత్రికకి వ్యాసం రాయడం, వారం వారం వాయిదా పడింది. ఒక గురువారం మధ్యాహ్నం కాలేజీ ఆఫీసు గుమస్తా వచ్చి చెప్పాడు, ఆయన సోమవారమే పోయారని, మంగళవారం భూస్థాపన కూడా అయిపోయిందని. కూతురి దగ్గర నా నంబరు లేదు. ఆఫీసు ఫోను ఎవరూ ఎత్తలేదట.

ఆ సోమవారం నేను ఏం చేస్తున్నానో నాకు బాగా గుర్తు. పొద్దున పదింటికి కొత్త లెక్క మొదలుపెట్టి వదిలాను. గుమస్తా వెళ్ళాక తెర వైపు చూస్తే ఇంకా అదే ఊపిరి, వదలడం సగంలో ఉంది. ఆపెయ్యాలని మౌస్ మీద చెయ్యి పెట్టి, ఆపలేకపోయాను. శుక్రవారం పూర్తయ్యేదాకా ఆ గదిలోంచి కదలబుద్ధి కాలేదు. తరగతులకి వెళ్ళి వచ్చి అక్కడే కూర్చున్నాను.

తర్వాత కూడా ఆ లెక్కలు నడపాల్సి వచ్చింది. పత్రిక తరఫున వ్యాసం చూసినవాళ్ళు నెమ్మదిగా పీలిస్తే ఏమవుతుంది, ముక్కుతో పీలిస్తే ఏమవుతుంది అని అడిగారు. న్యాయమైన ప్రశ్నలే. నాలుగు రోజులకొక ఊపిరి చొప్పున ఆ శీతాకాలమంతా ఆయన ఊపిరి తీయించాను. ఎవరితోనైనా ఈ మాట అంటే ఎలా వినిపిస్తుందో తెలిసి ఎవరితోనూ అనలేదు.

వ్యాసం చివర సహాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పే చోటు ఉంటుంది. అక్కడ చిక్కొచ్చింది. ఎలుకల్ని అన్నేళ్ళు సాకిన మనిషిగా ఆయన పేరు రాయవచ్చు. రాయడం ధర్మం కూడా. కాని స్కానింగ్ ఇచ్చిన మనిషి ఎవరో బయటపడకూడదన్నది నియమం. మిల్లులో పనిచేసిన, ఈ ప్రాంతపు, ఈ వయసు మనిషి అని వ్యాసంలో ఉంది. కింద ఆయన పేరుంటే తెలిసినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. రెండు పనులూ చేసిన మనిషికి ఏ ఒక్కదానికీ పేరు దక్కలేదు. జంతువుల సంరక్షణ చూసిన సిబ్బందికి కృతజ్ఞతలు అని ఒక వాక్యం రాసి ఊరుకున్నాను. ఆ వాక్యం రాసిన రోజు నా మీద నాకే చిరాకేసింది.

వ్యాసం అచ్చయిన నెలకి ఆయన కూతురు కాలేజీకి వచ్చింది. తండ్రి సర్వీసు కాగితాలేవో కావాలని ఆఫీసుకి వచ్చి, అక్కణ్ణుంచి నన్ను వెతుక్కుంటూ వెనక గదికి వచ్చింది. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చుంది.

"నాన్న చెప్పేవోరండి. నా ఊపిరితిత్తులు మేడంగారి దగ్గరున్నాయని. అవి చూపిస్తారేమో అడుగుదామని."

తెర వెలిగించి బొమ్మ చూపించాను. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తిప్పండి, అటు పక్క చూపించండి, అని అడిగి మరీ చూసింది. ఎక్కడ పాడైందో చూపించమంది. చూపించాను. ఇదంతా మిల్లులోదేనా అని అడిగింది. ఎక్కువ భాగం అదే అయ్యుంటుందని చెప్పాను. ముఖానికి తువ్వాలు సరిపోదని, సన్నటి దుమ్ము దాన్ని దాటి పోతుందని, గట్టి మాస్కు వాడాలని, డొక్కలు తడిపి కొట్టమని యజమానిని అడగమని చెప్పాను.

"అడిగేమండి. తడిపితే పని సాగదంటన్నారు," అంది. "మళ్ళీ అడుగుతాంలెండి. ఈసారి ఈ బొమ్మ చూపిస్తాను."

వ్యాసంలోంచి ఆ బొమ్మ ఉన్న పేజీ అచ్చు తీసి ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో మా నాన్న పేరెక్కడుందండీ?"

ఎందుకు లేదో చెప్పాను. నియమం ఎందుకు పెట్టారో, రాయాలని నాకెంత ఉందో, రాస్తే ఏమవుతుందో. చెప్తున్నకొద్దీ నా మాటలు నాకే అతకనట్టు వినిపించాయి. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"ఆయ్. మీరు రాయకూడదు, అంతేగదండీ?"

"అంతే అమ్మా."

"నేను రాసుకోవచ్చా?"

కలం ఇచ్చాను. కాగితం బల్ల మీద పెట్టి, బొమ్మకి పైన, గాలిగొట్టం మొదలయ్యే చోట, తండ్రి పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో రాసింది. అక్షరాలు ఆరేదాకా ఉండి, మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

రోడ్డుదాకా ఆమెతో నడిచాను. బస్సు కోసం కాసేపు నిలబడ్డాం. పిల్లల చదువుల గురించి చెప్పింది, పెద్దది తొమ్మిదిలో ఉందట. రాజోలు బస్సు వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపి, మూడో పీరియడ్ గంట కొట్టేలోగా వెనక్కి నడిచాను.